వ్యసనంతో పాటు మూర్తిమత్వ రుగ్మత ఉన్నప్పుడు చికిత్స: కొకైన్ ఉదాహరణగా

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• కొకైన్ మెదడుపై ఎలా పనిచేస్తుందో వివరించగలుగుతారు.
• వ్యసనం వల్ల వచ్చే ప్రవర్తనకు, మూర్తిమత్వ రుగ్మతకు మధ్య తేడాను గుర్తించగలుగుతారు.
• ఈ రెండూ కలిసి ఉన్నప్పుడు ఉపయోగపడే చికిత్సా పద్ధతులను, వాటి ఆధారాలను చర్చించగలుగుతారు.
• మన ప్రాంతంలో అందుబాటులో ఉన్న సేవలను, రోగికి చట్టం ఇచ్చిన రక్షణలను పేర్కొనగలుగుతారు.

1. పరిచయం

"పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు" అనే సామెత మీకు తెలిసిందే. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతంలో వ్యసనానికి లోనైన వ్యక్తి గురించి ఇంట్లోవాళ్లను అడిగితే ఈ సామెత ఏదో ఒక రూపంలో వినిపిస్తుంది. "వాని బుద్ధే అంత సార్, ఎన్నిసార్లు చేర్పించినా అంతే" అంటారు. అప్పులు తీర్చి, ఆస్పత్రుల చుట్టూ తిరిగి అలసిపోయిన కుటుంబం అనే మాట అది. దాన్ని మనం తప్పుపట్టలేం.

అయితే ఇదే మాటను చికిత్స చేసేవాళ్లు అంటే పరిస్థితి వేరు. "ఇతనికి మూర్తిమత్వ రుగ్మత ఉంది, ఇతను మారడు" అని కేసు కాగితం మీద రాస్తే, పాత సామెతకు శాస్త్రీయమైన పేరు పెట్టినట్లే. ఆ పేరు చూసి తరవాతి వైద్యుడు కూడా ఆశ వదులుకుంటాడు. ఈ పాఠంలో మనం పరిశీలించే ప్రశ్న ఇదే: వ్యసనంతో పాటు మూర్తిమత్వ రుగ్మత ఉన్నవారికి చికిత్స పనిచేయదా? లేక మనం చికిత్సను వారికి తగినట్లు ఏర్పాటు చేయడం లేదా?

2. మన ప్రాంతంలో కొకైన్ ప్రస్తావన ఎందుకు?

కురబలకోట వంటి మండలంలో వ్యసనం అంటే ముందుగా గుర్తుకు వచ్చేది మద్యం. అది సహజమే. కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వశాఖ కోసం ఢిల్లీలోని ఎయిమ్స్ నిర్వహించిన జాతీయ సర్వే నివేదిక 2019లో వెలువడింది. దాని ప్రకారం 10 నుంచి 75 ఏళ్ల వయసువారిలో మద్యం తాగేవారు 14.6 శాతం, కొకైన్ వాడేవారు 0.10 శాతం మాత్రమే. అదే నివేదికలో మరో సంగతి ఉంది. మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది.

మరి మద్యాన్ని వదిలి కొకైన్‌ను ఉదాహరణగా తీసుకోవడానికి మూడు కారణాలున్నాయి. మొదటిది, కురబలకోట నుంచి బెంగళూరు కొన్ని గంటల ప్రయాణం. చదువుకు, ఉద్యోగానికి, టమోటా వ్యాపారానికి మన యువకులు అక్కడికి వెళ్లివస్తుంటారు. నగరంలో దొరికేది పల్లెకు ఎప్పటికీ రాదని అనుకోలేం. రెండవది, కొకైన్ వ్యసనానికి నిర్ధారితమైన మందు ఏదీ లేదు. అందువల్ల మనస్తత్వశాస్త్ర పద్ధతుల బలం ఎంతో ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. మూడవది, ఇక్కడ నేర్చుకున్న సూత్రాలను మీరు మద్యం విషయంలో కూడా చాలావరకు అన్వయించుకోవచ్చు.

కొకైన్ మన దేశానికి కొత్తదేమీ కాదు. 20వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో కలకత్తా, బొంబాయి, ఢిల్లీ వంటి నగరాల్లో దీన్ని తమలపాకు కిళ్లీలో పెట్టుకుని నమిలేవారు. ఆర్.ఎన్. చోప్రా, జి.ఎస్. చోప్రాలు ఈ అలవాటుపై 1931లో పరిశోధనా వ్యాసం ప్రచురించారు. మనోవిశ్లేషణ సిద్ధాంతకర్తగా మీకు పరిచయమైన సిగ్మండ్ ఫ్రాయిడ్ 1884లో కొకైన్‌ను ప్రశంసిస్తూ వ్యాసం రాశాడు. మార్ఫిన్ వ్యసనానికి అది విరుగుడని ఆయన భావించాడు. ఆ నమ్మకంతో కొకైన్ తీసుకున్న ఆయన మిత్రుడు ఎర్నెస్ట్ ఫాన్ ఫ్లైష్ల్ మార్ఫిన్‌తో పాటు కొకైన్‌కు కూడా బానిసయ్యాడు.

3. కొకైన్ మెదడుపై ఎలా పనిచేస్తుంది?

మెదడులో ఒక నాడీకణం డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేస్తుంది. పని పూర్తయిన తరవాత ఆ రసాయనాన్ని అదే కణం తిరిగి లోపలికి తీసుకుంటుంది. కొకైన్ ఈ తిరిగి తీసుకునే మార్గాన్ని అడ్డుకుంటుంది. దాంతో డోపమైన్ కణాల మధ్య నిలిచిపోయి తీవ్రమైన ఉత్సాహాన్ని, ఆత్మవిశ్వాసాన్ని కలిగిస్తుంది. ముక్కుతో పీల్చినప్పుడు ఈ ప్రభావం గంటసేపు కూడా నిలవదు. ఆ తరవాత నీరసం, చిరాకు, దిగులు, మళ్లీ కావాలనే తపన మొదలవుతాయి. ఎంత త్వరగా ఫలితం వస్తే ప్రవర్తన అంత బలపడుతుందని స్కిన్నర్ కార్యసాధక నిబంధనంలో మీరు చదివారు. కొకైన్ విషయంలో జరిగేది అదే.

రెండు ప్రమాదాలను ప్రత్యేకంగా గుర్తుంచుకోండి. కొకైన్, మద్యం కలిపి తీసుకుంటే కాలేయంలో కోకాఇథిలీన్ అనే మరో పదార్థం ఏర్పడుతుంది. అది గుండెకు మరింత హానికరం. కొకైన్ వాడిన వ్యక్తికి ఛాతీలో నొప్పి వస్తే, వయసు ఎంత తక్కువైనా, వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్లాలి. రెండవది, కొకైన్ మానిన తొలి రోజుల్లో శరీరం కంటే మనసు ఎక్కువ కుంగిపోతుంది. ఆత్మహత్య ఆలోచనలు రావచ్చు. వాటి గురించి సూటిగా అడగడం అవసరం. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు.

మద్యం విషయంలో ప్రమాదం మరో విధంగా ఉంటుంది. చాలా ఏళ్లుగా రోజూ తాగే వ్యక్తి ఇంట్లో ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్, మతిభ్రమణం రావచ్చు. అటువంటివారు వైద్యుని పర్యవేక్షణలోనే మానాలి.

4. మూర్తిమత్వ రుగ్మత: నిర్ధారణలో జాగ్రత్తలు

మూర్తిమత్వ రుగ్మత అంటే కోపిష్టితనమో, మొండితనమో కాదు. వ్యక్తి తనను తాను చూసుకునే తీరు, ఇతరులతో మెలిగే తీరు, ఉద్వేగాలను అదుపు చేసుకునే తీరు కౌమారం నుంచీ, లేదా యౌవనారంభం నుంచీ, అనేక సందర్భాల్లో ఒకే రకంగా దెబ్బతిని ఉండాలి. దానివల్ల అతనికి గాని, చుట్టూ ఉన్నవారికి గాని తీవ్రమైన బాధ కలుగుతుండాలి. 2013 నాటి అమెరికన్ వర్గీకరణ డీఎస్ఎమ్-5 పది రుగ్మతలను పేర్కొంది. 2022 జనవరి 1న అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఐసీడీ-11 ఈ పేర్లను చాలావరకు వదిలి, తీవ్రతను స్వల్పం, మధ్యస్థం, తీవ్రం అని కొలుస్తుంది.

వ్యసన చికిత్సలో మనకు తరచుగా ఎదురయ్యేవి రెండు. సంఘవ్యతిరేక మూర్తిమత్వ రుగ్మతలో ఇతరుల హక్కులను లెక్కచేయకపోవడం, అబద్ధాలు, దుడుకుతనం ప్రధానంగా ఉంటాయి. బోర్డర్‌లైన్ మూర్తిమత్వ రుగ్మతలో ఉద్వేగాలు క్షణాల్లో మారడం, తనను వదిలేస్తారన్న భయం, తనను తాను గాయపరచుకోవడం కనిపిస్తాయి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. కొకైన్ మత్తులో ఉన్నవాడు అనుమానపడతాడు, కోప్పడతాడు. డబ్బు కోసం అబద్ధమాడతాడు, దొంగతనం కూడా చేస్తాడు. వీటిని చూసి మూర్తిమత్వ రుగ్మత అని ముద్ర వేయకూడదు. ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి:

• ఈ ప్రవర్తన మాదకద్రవ్యం మొదలుపెట్టక ముందు నుంచే ఉందా?
• మాదకద్రవ్యం మానిన వారాలు, నెలల్లో కూడా కొనసాగిందా?
• డబ్బుతో, మత్తుతో సంబంధం లేని విషయాల్లో కూడా కనిపిస్తుందా?

సంఘవ్యతిరేక రుగ్మతను నిర్ధారించాలంటే వ్యక్తికి 18 ఏళ్లు నిండాలనీ, 15 ఏళ్లకు ముందే ప్రవర్తనా రుగ్మత లక్షణాలు కనిపించి ఉండాలనీ డీఎస్ఎమ్-5 చెబుతుంది. కాబట్టి తల్లిదండ్రులు, అన్నదమ్ములు, బడిలో పాఠం చెప్పిన అయ్యవారు ఇచ్చే సమాచారం రోగి మాటలంత విలువైనది.

5. ఒక ఉదాహరణ

పాఠం కోసం ఒక వ్యక్తిని ఊహించుకుందాం. ఇది ఎవరి నిజజీవితమూ కాదు. కురబలకోట మండలంలోని ఒక పల్లె నుంచి వెళ్లి బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న యువకుడు, వయసు 26. పద్నాలుగో ఏట నుంచి చిన్న మాటకే విపరీతంగా చలించిపోయేవాడు. స్నేహితుడు దూరమైతే చేతిమీద కోసుకునేవాడు. 18వ ఏట మద్యం, 23వ ఏట కొకైన్ మొదలయ్యాయి. మూడు సార్లు చికిత్సకు చేర్పించారు. మూడు సార్లూ రెండో వారంలోనే వెళ్లిపోయాడు. ఒకసారి సలహాదారు సెలవు పెట్టాడని, ఒకసారి నర్సు గట్టిగా మాట్లాడిందని, మరోసారి కారణమేమీ చెప్పకుండానే. ప్రతిసారీ అమ్మ అప్పు తీర్చింది.

పైన చెప్పిన మూడు ప్రశ్నలు వేసుకోండి. అతని ఇబ్బంది మత్తుకు నాలుగేళ్ల ముందు నుంచే ఉంది. దూరమైపోతారన్న భయం డబ్బుతో సంబంధం లేనిది. మానిన రోజుల సంగతి ఇంట్లోవాళ్లను అడిగి తెలుసుకోవాలి. అప్పటికీ ఇవే లక్షణాలుంటే బోర్డర్‌లైన్ రుగ్మతను ఆలోచించడానికి తగిన ఆధారం ఉన్నట్లే. ఇక మరో సంగతి గమనించండి. మూడు సార్లూ అతను వెళ్లిపోయింది కొకైన్ తపన వల్ల మాత్రమే కాదు. చికిత్సలో తలెత్తిన చిన్న సంఘటనను తట్టుకోలేక. అంటే రుగ్మత అతన్ని నేరుగా ఓడించలేదు. చికిత్స నుంచి బయటకు నెట్టి ఓడించింది. కొకైన్ గురించి మాత్రమే మాట్లాడే చికిత్స దీన్ని పట్టుకోలేదు.

6. చికిత్సా పద్ధతులు, ఆధారాలు

6.1 షరతుతో కూడిన పునర్బలనం

దీన్ని కంటింజెన్సీ మేనేజ్‌మెంట్ అంటారు. కొకైన్ శరీరంలో విచ్ఛిన్నమై ఏర్పడే పదార్థం మూత్రంలో సాధారణంగా రెండు మూడు రోజుల పాటు కనిపిస్తుంది. కాబట్టి వారానికి రెండు మూడు సార్లు పరీక్షిస్తే వాడకం బయటపడుతుంది. నమూనాలో కొకైన్ లేకపోతే వెంటనే చిన్న బహుమతి ఇస్తారు.

అమెరికాలోని వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ హిగిన్స్ బృందం ఈ పద్ధతిని రూపొందించింది. మొదటి శుద్ధమైన నమూనాకు 2.50 డాలర్ల విలువైన పాయింట్లు ఇచ్చారు. వరుసగా వచ్చే ప్రతి శుద్ధమైన నమూనాకు విలువ 1.25 డాలర్ల చొప్పున పెరుగుతుంది. మధ్యలో కొకైన్ కనిపిస్తే విలువ మళ్లీ 2.50కి పడిపోతుంది. నగదు చేతికి ఇవ్వరు. ఉపయోగకరమైన వస్తువులు, సేవలు కొని ఇస్తారు. దీంతో పాటు కుటుంబం, ఉద్యోగం, కాలక్షేపం విషయాల్లో సలహాలు ఉంటాయి. 38 మందితో చేసిన 1993 నాటి అధ్యయనంలో ఈ పద్ధతిలో ఉన్నవారిలో 58 శాతం మంది 24 వారాల చికిత్స పూర్తిచేశారు. మామూలు సలహా పొందినవారిలో 11 శాతమే పూర్తిచేశారు.

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాం. మెస్సీనా, ఫారబీ, రాసన్‌లు 2003లో ప్రచురించిన అధ్యయనంలో మెథడోన్ చికిత్సలో ఉంటూ కొకైన్‌కు బానిసలైనవారిని పరిశీలించారు. సంఘవ్యతిరేక రుగ్మత ఉన్నవారు ఈ బహుమతి పద్ధతికి ఆ రుగ్మత లేనివారికంటే తక్కువగా స్పందించలేదు. ఇంకా మెరుగ్గా స్పందించారు. దీనికి కారణాన్ని మనం ఊహించవచ్చు. ఈ పద్ధతి వైద్యుణ్ణి నమ్మమని అడగదు, పశ్చాత్తాపపడమని అడగదు. నియమం ముందే తెలుసు, ఫలితం వెంటనే వస్తుంది, వాదనకు తావుండదు.

6.2 ఉద్వేగాలను తట్టుకునే నైపుణ్యాలు

బోర్డర్‌లైన్ రుగ్మత కోసం మార్షా లినెహాన్ రూపొందించిన డయలెక్టికల్ బిహేవియర్ థెరపీలో వ్యక్తిగత చికిత్స, నైపుణ్యాల తరగతి, అవసరమైనప్పుడు ఫోనులో సహాయం, చికిత్సకుల బృంద సమావేశం ఉంటాయి. రోగిని ఉన్నవాడిని ఉన్నట్లు అంగీకరించడం, అదే సమయంలో మారమని కోరడం దీని ప్రధాన సూత్రం. ఈ రుగ్మతతో పాటు మాదకద్రవ్య వ్యసనం ఉన్న 28 మంది స్త్రీలతో 1999లో ప్రచురించిన అధ్యయనంలో మాదకద్రవ్యాల వాడకం మామూలు చికిత్సకంటే ఎక్కువగా తగ్గింది. మధ్యలో మానేసినవారు ఈ చికిత్సలో 36 శాతం, మామూలు చికిత్సలో 73 శాతం. ఇవి చిన్న అధ్యయనాలేనని గుర్తుంచుకోవాలి. అయినా చికిత్సలో నిలిచి ఉండటం విషయంలో రెండూ ఒకే దిశను చూపుతున్నాయి.

6.3 దిగులును వేరుగా గుర్తించడం

వుడీ, మెక్‌లెల్లన్, లుబోర్‌స్కీ, ఓబ్రయన్‌ల 1985 నాటి అధ్యయనం నల్లమందు తరగతి మాదకద్రవ్యాలకు బానిసలైనవారిపై జరిగింది. సంఘవ్యతిరేక రుగ్మత మాత్రమే ఉన్నవారికి మనశ్చికిత్స వల్ల పెద్దగా ప్రయోజనం కలగలేదు. ఆ రుగ్మతతో పాటు కుంగుబాటు కూడా ఉన్నవారు మాత్రం బాగా మెరుగుపడ్డారు. ఒకే పేరు కింద ఉన్నవారంతా ఒకటి కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. కుంగుబాటుకు మందులున్నాయి. కొకైన్ వ్యసనానికి గాని, బోర్డర్‌లైన్ రుగ్మతకు గాని ప్రత్యేకించి ఆమోదం పొందిన మందు లేదు.

7. చికిత్సను ఎలా ఏర్పాటు చేయాలి?

మదనపల్లె పక్కనే ఉన్న ఆరోగ్యవరం పేరు మీలో చాలామందికి తెలుసు. క్షయరోగులకు మంచి గాలి, విశ్రాంతి ఇవ్వడానికి 1915లో అక్కడ శానటోరియం ప్రారంభమైంది. రోగిని ఇంటికి దూరంగా నెలల తరబడి ఉంచడమే అప్పటి వైద్యం. మందులు వచ్చిన తరవాత, 1956లో మద్రాసులో ప్రారంభమైన అధ్యయనం ఇంట్లో ఉండి మందులు వాడినవారినీ, శానటోరియంలో ఉండి వాడినవారినీ పోల్చింది. ఫలితాల్లో పెద్ద తేడా కనిపించలేదు. అయితే ఇంట్లో ఉన్నవారిని ఊరికే వదిలేయలేదు. ముందు చెప్పకుండా ఇంటికి వెళ్లి మాత్రలు లెక్కపెట్టారు, మూత్రాన్ని పరీక్షించారు.

వ్యసన చికిత్సకు ఈ చరిత్ర నుంచి ఒక పాఠం తీసుకోవచ్చు. మూడు నెలలు గదిలో ఉంచి పంపితే పని అయిపోయిందని చాలా కుటుంబాలు భావిస్తాయి. అసలు పరీక్ష ఇంటికి వచ్చిన మరుసటి వారం మొదలవుతుంది. ఎంతకాలం దాచిపెట్టామన్నది కాదు, ఎంతకాలం వదలకుండా వెంట ఉన్నామన్నది ముఖ్యం. మూర్తిమత్వ రుగ్మత కూడా ఉన్నవారి విషయంలో ఈ కింది నియమాలు ఉపయోగపడతాయి.

(అ) రెండు సమస్యలకూ ఒకే బృందం, ఒకేసారి చికిత్స చేయాలి. "ముందు మత్తు మాను, తరవాత మనసు సంగతి చూద్దాం" అంటే మన ఉదాహరణలోని యువకుడు రెండో వారం దాటడు.

(ఆ) నియమాలు కొద్దిగా, రాతపూర్వకంగా ఉండాలి. కోపం లేకుండా, మినహాయింపు లేకుండా అమలుచేయాలి. "ఈ రోజు పరీక్షలో కొకైన్ కనిపించింది, అందుకే పాయింట్లు లేవు. గురువారం మళ్లీ కలుద్దాం" అన్న మాటలో శిక్ష ఉండదు, రాజీ కూడా ఉండదు.

(ఇ) సలహాదారు సెలవు, బదిలీ వంటివి ముందే చెప్పాలి. వదిలేస్తారన్న భయం ఉన్నవారికి ఇది మర్యాద మాత్రమే కాదు, చికిత్సలో భాగం.

(ఈ) "డాక్టరు దేవుడు, నర్సు రాక్షసి" అని రోగి బృందాన్ని రెండుగా చూడవచ్చు. బృందం వారానికొకసారి కూర్చుని మాట్లాడుకుంటే ఆ చీలిక పెరగదు.

(ఉ) మళ్లీ వాడితే వెళ్లగొట్టకూడదు. ముందు రోజు ఏం జరిగింది, ఎవరు పక్కన ఉన్నారు, ఏ ఆలోచన వచ్చింది అని వరుసగా రాయించాలి. రాని వ్యక్తికి అదే రోజు ఫోను చేయాలి.

(ఊ) కుటుంబానికి కూడా శిక్షణ కావాలి. అప్పు తీర్చడం మానడం, మనిషిని వదులుకోవడం ఒకటి కాదని అమ్మకు అర్థమయ్యేలా చెప్పాలి. ఆమె అన్నం పెట్టవచ్చు, వెంట ఆస్పత్రికి రావచ్చు. మత్తు బాకీ మాత్రం తీర్చకూడదు. బెదిరింపులు గాని, కొట్టడం గాని ఉంటే ముందు ఆమె భద్రత చూడాలి.

బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2009 మార్గదర్శకాల్లో, సంఘవ్యతిరేక రుగ్మత ఉందన్న కారణంతో గాని, గతంలో నేరం చేశాడన్న కారణంతో గాని ఎవరినీ సేవలకు దూరం చేయకూడదని స్పష్టంగా చెప్పింది.

8. చట్టం, సేవలు

1985 నాటి ఎన్.డి.పి.ఎస్. చట్టం 27వ సెక్షను ప్రకారం కొకైన్ వాడకానికి ఏడాది వరకు కఠిన కారాగారం, లేదా 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. అయితే అదే చట్టంలోని 64-ఎ సెక్షను ముఖ్యమైనది. వాడకం కేసులోనో, స్వల్ప పరిమాణం కేసులోనో ఉన్న వ్యసనపరుడు స్వచ్ఛందంగా ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన సంస్థలో చికిత్స పొందితే అతన్ని ప్రాసిక్యూట్ చేయరు. చికిత్స పూర్తిచేయకపోతే ఈ రక్షణను ఉపసంహరించవచ్చు. కాబట్టి మధ్యలో వెళ్లిపోయే రోగి ఆరోగ్యంతో పాటు చట్టం ఇచ్చిన అవకాశాన్ని కూడా పోగొట్టుకుంటాడు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల వల్ల కలిగే మానసిక స్థితులను కూడా మానసిక వ్యాధి నిర్వచనంలో చేర్చింది. రోగిని గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. కొట్టి మాన్పిస్తామని చెప్పే చోట మీ బంధువును చేర్పించకండి.

సలహా కోసం టెలీ-మానస్ నంబరు 14416కు, మాదకద్రవ్యాల విముక్తి సహాయ నంబరు 14446కు ఫోను చేయవచ్చు. మన ప్రాంతంవారికి బెంగళూరులోని నిమ్హాన్స్ వ్యసన చికిత్సా విభాగం అందుబాటు దూరంలోనే ఉంది. వెళ్లేటప్పుడు పాత చీటీలన్నీ తీసుకువెళ్లండి.

9. సారాంశం

బుద్ధి మారదన్న సామెతను పరిశోధన సమర్థించడం లేదు. అమెరికాలోని మెక్లీన్ ఆస్పత్రిలో మేరీ జనారినీ బృందం 1992 నుంచి 290 మంది బోర్డర్‌లైన్ రోగులను అనుసరించింది. పదేళ్లలో 93 శాతం మందికి కనీసం రెండేళ్లపాటు లక్షణాలు తగ్గిపోయాయి. ఉద్యోగం, సంబంధాలు కూడా కుదుటపడి పూర్తిగా కోలుకున్నవారు సగం మంది. ఆరేళ్ల పరిశీలనలో లక్షణాలు తగ్గకపోవడంతో అన్నిటికంటే దగ్గరి సంబంధం ఉన్నది మాదకద్రవ్య వ్యసనానికే. అంటే వ్యసనానికి చికిత్స చేయడం మూర్తిమత్వం మెరుగుపడటానికి కూడా దారి వేస్తుంది. రెండూ ఉన్నవారికి చికిత్స తగ్గించడం కాదు, ఎక్కువ కాలం, ఎక్కువ క్రమబద్ధంగా ఇవ్వడం అవసరం. మూర్తిమత్వ రుగ్మత అన్న పేరు చికిత్స ఎలా చేయాలో చెప్పే సమాచారం. చికిత్స ఎందుకు చేయనక్కరలేదో చెప్పే సాకుగా దాన్ని వాడకూడదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. మత్తు వల్ల వచ్చిన ప్రవర్తనను మూర్తిమత్వ రుగ్మత నుంచి వేరుచేయడానికి వేయవలసిన మూడు ప్రశ్నలు ఏవి?
2. సంఘవ్యతిరేక రుగ్మత ఉన్నవారు బహుమతి పద్ధతికి బాగా స్పందించడాన్ని కార్యసాధక నిబంధన సూత్రాలతో వివరించండి.
3. ఐదవ విభాగంలోని యువకుడు నాలుగోసారి చికిత్సకు వచ్చాడనుకోండి. మొదటి రెండు వారాలకు ప్రణాళిక రాయండి.
4. మీకు తెలిసిన ఒక మద్యవ్యసనపరుని కుటుంబానికి ఏడవ విభాగంలోని ఏ నియమాలు వర్తిస్తాయి? పేర్లు రాయకుండా చర్చించండి.